మామయ్యకు బంతిపూల హాఫ్ స్వెట్టర్: ప్రాజెక్టు డైరీ

దసరా మరునాడు

దసరా దాటిందంటే హనుమకొండలో బంతిపూల గిరాకీ ఒక్కసారిగా పడిపోతుంది. పండుగ పొద్దున రూపాయి తగ్గించని పూలావిడే ఈ రోజు బుట్టలో మిగిలినవన్నీ నా సంచిలో పోసి, "తీస్కపో అక్కా, రేపటికి వాడిపోతయ్" అంది. నాకు కావలసినవి అవే. రంగు తీయడానికి పూలు తాజాగా ఉండక్కర్లేదు, కుళ్ళకపోతే చాలు. ఇంటికొచ్చి తొడిమలు తుంచి, రెక్కలు మాత్రం చాట నిండా పోశాను. పచ్చి తొడిమలు పడితే పసుపులో కాస్త మురికి ఛాయ కలుస్తుందని నా అనుమానం. తుంచకుండా చేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకూ బాగానే వస్తుంది.

ఈసారి అల్లబోయేది మామయ్యకు హాఫ్ స్వెట్టర్. వి-మెడ, చేతులుండవు, చొక్కా మీద వేసుకునేది. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడవడానికి వెళ్తారు, నవంబర్ రాగానే మఫ్లర్ మెడకు చుట్టుకుని ఛాతీని మాత్రం చలికి వదిలేస్తారు. ఊలు రంగు వేయని తెల్ల మెరినో (మెత్తటి రకం గొర్రె ఊలు), డీకే మందం, అంటే మరీ లావూ మరీ సన్నమూ కానిది. నాలుగు చిలపలు, అంటే వదులుగా చుట్టిన ఊలు చుట్టలు, తెప్పించాను, ఒక్కోటి 100 గ్రాములు, సుమారు 220 మీటర్లు. లెక్క ప్రకారం మూడు సరిపోతాయి. కానీ చేత్తో వేసిన రంగు మళ్ళీ అదే ఛాయలో రాదు. సగంలో ఊలు అయిపోతే బజారుకు పరుగెత్తి తెచ్చుకునే వీలుండదు కాబట్టి ఒకటి ఎక్కువే రంగులో ముంచాలి.

మామయ్య గురించి ఒక మాట చెప్పకపోతే ఈ డైరీలో సగం అర్థం కాదు. ఆయన ఆజంజాహి మిల్లులో డైయింగ్ సెక్షన్ మనిషి. 1934లో నిజాం కాలంలో మొదలై, 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చి, 2002లో మూతపడ్డ మిల్లు అది. వరంగల్‌లో ఏ పాత గల్లీలో అడిగినా మిల్లులో పనిచేసినవాళ్ళ ఇల్లు ఒకటైనా చూపిస్తారు. ఆయన పనంతా ఒక్క విషయం చుట్టూ తిరిగింది: నిన్నటి థాన్ (బట్ట చుట్ట), ఇవాళటి థాన్ పక్కపక్కన పెడితే తేడా కనపడకూడదు. అలాంటి మనిషికి, ఏ రెండు చిలపలూ ఒకేలా ఉండని ఊలుతో స్వెట్టర్ అల్లబోతున్నాను. ఆయనకు ఇంకా చెప్పలేదు.

చాటలో పూలు చూసి అత్తమ్మకు నవ్వాగలేదు. పోయిన వారమంతా బతుకమ్మ కోసం గునుగు పూలను గిన్నెల్లో ముంచి ఊదా, ఆకుపచ్చ రంగులు వేసింది ఆవిడే. "మేం పూలకు రంగేస్తిమి, నువ్వు పూల రంగు తీసి ఊలుకేస్తున్నవా!"

పటిక

పసారి దుకాణంలో పటిక, కరక్కాయ, అన్నభేది (ఇనుము ఉప్పు), మంజిష్ఠ (ఎర్ర రంగునిచ్చే వేరు) అన్నీ ఒకే అరలో దొరుకుతాయి. రంగులు వేసేవాళ్ళకు మన ఊళ్ళలో ఇంత సులువు. ఊలుకు పటిక దాని బరువులో 12 శాతం వేస్తాను. 400 గ్రాములకు 48 గ్రాములు. కొందరు 15 దాకా వెళ్తారు. మరీ ఎక్కువైతే ఊలు చేతికి జిగటగా, గరుకుగా తగులుతుంది.

ముందు చిలపలను నాలుగైదు చోట్ల వదులుగా, ఎనిమిది అంకె వచ్చేలా దారంతో కట్టాను. బిగించి కడితే ఆ చోట రంగు దిగదు, తెల్ల మచ్చ మిగులుతుంది. గోరువెచ్చని నీళ్ళలో కాసింత కుంకుడు రసం పోసి గంటసేపు నాననిచ్చాను. పొడి ఊలును నేరుగా పటిక నీళ్ళలో వేస్తే పైపొరే తాగుతుంది. పటికను వేరే వేడినీళ్ళలో కరిగించి గంజులో కలిపి, ఊలు వేసి, మంట చాలా చిన్నగా పెట్టాను. 80 డిగ్రీల చుట్టూ గంటసేపు. నీళ్ళు కళపెళ మరగకూడదు, అంచుల్లో చిన్న బుడగలు కనిపిస్తే చాలు. మెరినో వేడికి బెదరదు. వేడిలో కర్రతో తిప్పితేనే చెడుతుంది, పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని కంబళి ముక్కైపోతాయి. అందుకే కదిలించకుండా రాత్రంతా అదే గంజులో చల్లారనిచ్చాను.

ఈ పనికి స్టీలు గంజే వాడాలి. ఇనుముదైతే ఆ ఇనుమే రంగును మార్చేస్తుంది. ఒకసారి రంగు పనికి వాడిన గంజును మళ్ళీ వంటింట్లోకి తేకూడదు. మా ఇంట్లో దాని మీద పెయింటుతో గీత గీసి పెట్టాను, అత్తమ్మ పులిహోర కలిపేందుకు తీసుకోకుండా.

పటిక చేసే పని చిన్నదేమీ కాదు. అందులోని అల్యూమినియం ఒక చేత్తో ఊలు పోగును, ఇంకో చేత్తో పువ్వులోని రంగును పట్టుకుంటుంది. అది లేకపోతే మొదటి ఉతుక్కే సగం రంగు మోరీలోకి పోతుంది. నూలుకైతే ఇంత తేలిక కాదు. ముందు కరక్కాయ నీళ్ళలో ముంచాకే పటిక పట్టుకుంటుంది. ఊలు రంగు వేసేవాళ్ళకు అదొక సుఖం.

రంగు

ఆదివారం పొద్దున్న డాబా మీద గ్యాస్ స్టవ్ పెట్టాను. పూల రెక్కలు ఊలుకు రెట్టింపు బరువు తీసుకుని, నీళ్ళలో గంటసేపు సన్నని మంట మీద ఉడికించి, పాత దోతి గుడ్డలో వడకట్టాను. వడకట్టకపోతే రెక్కలు పోగుల్లో చిక్కుకుని, ఏరడానికి ఒక సాయంత్రం పడుతుంది. గంజులో రసం చిక్కటి చాయ్ డికాక్షన్ రంగులో ఉంది. దాన్ని చూసి బంగారు పసుపు వస్తుందంటే ఎవరూ నమ్మరు.

చిలపలు ముంచే పద్ధతి వరంగల్ కొత్తవాడలో చూసింది. జంపఖానాల నేతకు నూలు రంగు వేసే చోట వాళ్ళు చిలపను కర్రకు తగిలించి, తొట్టిలోకి సగం దించి, కర్ర మీదే చిలపను కొంచెం కొంచెంగా జరుపుతూ ఉంటారు. కిందున్నది పైకి, పైనున్నది కిందికి వస్తుంది. చేయి ఆగదు, కళ్ళు వేరే ఎక్కడో ఉంటాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, అందరూ డిజైన్ల గురించే మాట్లాడతారు. నాకైతే ఆ కర్ర తిప్పే చేతినే ఇంకాసేపు చూడాలనిపించింది. నూలును ఎంత తిప్పినా ఫర్వాలేదు, ఊలుతో అది కుదరదు కాబట్టి నేను నెమ్మదిగా, తక్కువసార్లు జరిపాను.

ఊలు దిగిన పది నిమిషాలకే రసం పలుచబడింది. ఇది ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. నీళ్ళలో ఉన్న రంగు ఊలులోకి వెళ్ళిపోతోందని కళ్ళెదుటే తెలుస్తుంది. ముందు వేసిన చిలప ఎక్కువ తాగింది. నాలుగోది దిగేసరికి గంజులో మిగిలింది తక్కువ. కాబట్టి ఒకటి ముదురు బంగారం, రెండు మధ్యస్థం, ఒకటి లేత నిమ్మపండు రంగు. నాలుగూ ఒకేసారి ముంచి ఉంటే తేడా తగ్గేది, నాకే అక్కర్లేకపోయింది.

తర్వాతి పని అన్నభేదితో. రెండు గ్రాములు గోరువెచ్చని బకెట్ నీళ్ళలో కరిగించి, ఒక్కో చిలపలో మూడో వంతు మాత్రం అందులోకి వేలాడదీశాను. పసుపు చూస్తుండగానే ఆలివ్ పచ్చలోకి తిరిగింది. ముందు అంచులు మసకబారాయి, ఆ మసక పైకి పాకింది, లెక్కపెట్టుకునేలోపే గుర్తుపట్టలేనంత మారిపోయింది. నీళ్ళు పైకి ఎగబాకిన చోట పసుపుకూ పచ్చకూ మధ్య ఒక బూడిద పసుపు గీత పడింది, ఏ షేడ్ కార్డులోనూ దానికి పేరుండదు. నాలుగైదు నిమిషాలకే తీసేశాను. ఇనుము ఎక్కువసేపు ఉంటే ఊలు పెళుసవుతుంది, నాలుగేళ్ళ తర్వాత ఆ చోటే ముందు చిరుగుతుంది.

నీడలో ఆరేశాను. మామయ్య డాబా ఎక్కి, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కో చిలపను చేతిలోకి తీసుకుని వెలుతురుకు తిప్పి చూశారు. ఆ తిప్పడంలోనే పాత ఉద్యోగం తెలిసిపోతుంది. "గిది షేడ్ కాదు బిడ్డా, మచ్చ. గిసుంటిది మా దగ్గర వస్తే థాన్ మొత్తం వాపస్."

"మామయ్యా, అది మీ స్వెట్టరే."

ఏమీ అనలేదు. ముదురు చిలపను, లేత చిలపను పక్కపక్కన పెట్టి, "రెంటికి లాట్ నంబర్ ఏస్కో, కలిసిపోతయ్" అని దిగిపోయారు. మిల్లు భాషలో లాట్ అంటే ఒకే విడతలో రంగేసిన సరుకు. ఆయన చెప్పినట్టే చీటీలు కట్టాను: ఒకటి, రెండు, మూడు, నాలుగు, ముదురు నుంచి లేతకు.

ఎండకు ఆగుతుందా

ఈ ప్రశ్న కూడా మామయ్యదే. సమాధానం మాటలతో చెబితే ఆయన ఒప్పుకోరు. అట్టముక్కకు నాలుగు రకాల పోగులు చుట్టాను: బంతి, మంజిష్ఠ, పోయిన హోలీకి ఎండబెట్టి దాచిన మోదుగ పూల రంగు, వంటింటి పసుపు. అన్నీ పటిక పట్టించినవే. సగం మీద ఇంకో అట్ట కప్పి దారంతో కట్టి డాబా గోడ మీద పెట్టాను.

కార్తీక పౌర్ణమి తర్వాత తీసి చూశాం. వంటింటి పసుపు సగానికి సగం వెలిసింది. కప్పిన చోట మెరుపు, తెరిచిన చోట పాత కాగితం రంగు. మోదుగ కొంచెం నీరసించింది. బంతి కాస్త లేతబడింది, దగ్గరగా పెట్టి చూస్తేనే తేడా. మంజిష్ఠ కదల్లేదు. శుభకార్యాలకు పసుపు వాడినంత ధైర్యంగా బట్టకు వాడకూడదని ఇంట్లో అందరికీ తెలిసింది. మామయ్య మంజిష్ఠ పోగును గోటితో గీకి, "ఇది పక్కా కలర్. మెడకు ఇది పెట్టు" అన్నారు. మొదటిసారి ఆయన ఈ స్వెట్టర్ గురించి సొంతంగా ఒక కోరిక కోరారు. కాబట్టి మెడ పట్టీ మంజిష్ఠతోనే.

మంజిష్ఠ గురించి రెండు మాటలు. వేరు పొడి ఊలు బరువుతో సమానంగా వేసి, వేడి 70 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. దాటితే ఇటుక ఎరుపు పోయి గోధుమ రంగు దిగుతుంది. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువని టీ తాగేవాళ్ళు తిట్టుకుంటారు గానీ ఈ రంగుకు అదే మేలు. సున్నం ఉన్న నీళ్ళలో ఎరుపు బాగా నిలుస్తుంది. ఫిల్టర్ నీళ్ళు పోసి పాడుచేసుకోవద్దు.

నల్ల ఊలు

కింది అంచుకు వేరే ఊలు కావాలనుకున్నాను. జనగామ వైపు ఒక ఊళ్ళో ఇంకా గొంగడి నేసే కురుమ కుటుంబం ఉంది. ఆ ఇంటి అవ్వ రాట్నం మీద వడికిన నల్ల దక్కని ఊలు ఇచ్చింది. దానికి రంగే అక్కర్లేదు, గొర్రె రంగే అది. వెలుతురులో పెడితే నలుపులో గోధుమ పోగులు, అక్కడక్కడ బూడిద వెంట్రుక కనిపిస్తాయి. గొంగడి ఎండకూ వానకూ ఆగుతుందంటే ఈ మొరటుదనం వల్లే. నేసే ముందు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు, అందుకే కొత్త గొంగడి అంత బిరుసుగా నిలబడుతుంది.

చేతికి గుచ్చుకుంటుంది, అది నిజం. కానీ చొక్కా మీద వేసుకునే స్వెట్టర్ నడుము అంచుకు చర్మంతో పనేముంది? మెడకు మాత్రం పెట్టకూడదు.

చిక్కు ఇంకోటి ఉంది. నేతకు వడికినది ఒంటి పోగు, పురి ఎక్కువ. వదిలితే తనకు తానే మెలికలు తిరుగుతుంది. ఒంటి పోగుతో అల్లితే అంచు ఒక పక్కకు వాలిపోతుంది. అందుకని రెండు పోగులు కలిపి, వడికిన వైపుకు ఎదురుగా పురి పెట్టాను. ఒక పోగు పురి ఇంకో పోగు పురిని విడగొట్టి, రెండూ కలిసి నెమ్మదిస్తాయి. ఎంత పురి చాలో తెలుసుకోవడానికి ఒక మూర పొడవు తీసి రెండు కొసలూ కలిపి పట్టుకుని వేలాడదీస్తాను. మెలి పడకుండా రెండు పక్కలా నిటారుగా దిగితే సరి. అవ్వ చూసి, "అల్లేదానికి గింత సోకు ఎందుకు బిడ్డా" అంది గానీ తన చేత్తో కూడా ఒకసారి వేలాడదీసి చూసింది.

లెక్కలు

అల్లిక నేను కాజీపేటలో నేర్చుకున్నాను, రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి ఆంటీ దగ్గర. ఆవిడ పెట్టిన మొదటి షరతు శాంపిల్ ముక్క. నాలుగు మిల్లీమీటర్ల సూది మీద జానెడు చదరం అల్లి, ఉతికి, ఆరాకే కొలవాలి. ఉతక్కముందు కొలిచిన లెక్క స్వెట్టర్‌కు పనికిరాదు, మెరినో నీళ్ళు తగిలితే సాగి కుదురుకుంటుంది. నా ముక్క ఉతికాక 10 సెంటీమీటర్లకు 22 కుట్లు, 30 వరుసలు.

మామయ్య ఛాతీ 100 సెంటీమీటర్లు. చొక్కాకు, ఊపిరికి ఎనిమిది కలిపితే 108. కుట్లు 238 వస్తాయి, 240 చేసుకున్నాను. అంచులో రెండు నిట్ (సూటి కుట్టు), రెండు పర్ల్ (తిరగ కుట్టు) వేసే సాగే రిబ్‌కు నాలుగుతో భాగించబడే సంఖ్య కావాలి. నల్ల ఊలు లావు కాబట్టి అంచుకు అన్ని కుట్లు పట్టవు. 168 కుట్లతో మొదలుపెట్టి, అంచు అయ్యాక ప్రతి ఏడు కుట్లకు మూడు పెంచుకుంటూ వెళ్తే సరిగ్గా 240 దగ్గర తేలింది. ఇలాంటి లెక్క కుదిరినప్పుడు కలిగే తృప్తి పరీక్షల్లో కూడా ఎప్పుడూ దొరకలేదు.

ఈ పనికి అసలు ఖర్చెంత అని ఒక కొలీగ్ అడిగింది. చలికాలం రాగానే ఊళ్ళల్లో టిబెటన్ల స్వెట్టర్ల అంగళ్ళు వెలుస్తాయి, అక్కడ ఇంతకంటే చాలా తక్కువకు మంచి స్వెట్టర్ దొరుకుతుంది. పొదుపు కోసమైతే ఎవరూ అల్లుకోనక్కర్లేదు, నేనే చెబుతాను.

నవంబర్ చివర

నల్ల అంచు అయింది. వేళ్ళ చివర్లు మండుతున్నాయి. మంజిష్ఠతో రెండు రౌండ్ల ఎర్ర గీత వేసి బంతి ఊలులోకి వచ్చాను. ఆ మార్పు సూది మీదే తెలిసింది, దక్కని కరకర పోయి మెరినో జారుతోంది.

డిసెంబర్: ఒళ్ళు

ఇక్కడి నుంచి అసలు సరదా. రెండో నంబర్ చిలప ఒక్కదానితోనే కొంత అల్లి చూశాను, ఆలివ్ మచ్చలు ఎలా పడతాయో అని. 240 కుట్ల రౌండ్‌కు మూడున్నర మీటర్ల ఊలు పడుతుంది. నా చిలప చుట్టు ఒకటిన్నర మీటర్లు. అంటే ప్రతి ఒకటిన్నర మీటర్లకు ఆలివ్ వస్తుంది, ఒక రౌండ్‌లో రెండు చుట్లు పూర్తిగా, మూడోది మూడో వంతే. ఆ మూడో వంతు వల్ల ప్రతి రౌండ్‌లో మచ్చ కొంచెం పక్కకు జరుగుతుంది. జరుగుతూ జరుగుతూ స్వెట్టర్ చుట్టూ ఏటవాలుగా పచ్చ చారలు ఎక్కుతున్నాయి. నేను డిజైన్ చేసింది కాదు, లెక్క చేసిన డిజైన్.

చూడటానికి బాగానే ఉంది గానీ మగమనిషి స్వెట్టర్ మీద మెలిదిరిగిన చార మరీ కొట్టొచ్చినట్టుంది. అందుకే రెండు ఉండలు పెట్టుకున్నాను, ఒకటో నంబర్ ముదురు, మూడో నంబర్ మధ్యస్థం. రెండు రౌండ్లు దీనితో, రెండు రౌండ్లు దానితో. మారేచోట పాత పోగును గట్టిగా లాగకూడదు, లాగితే లోపలి వైపు నిచ్చెనలా ముడతలు పడతాయి. ఇలా చేయగానే చారలు విరిగిపోయాయి. ఇప్పుడు ఒక్కో చోట కొన్ని కుట్ల ఆలివ్, దాని పక్కన ముదురు బంగారం, మళ్ళీ లేతది. ఒక అడుగు దూరం నుంచి చూస్తే ఒకే రంగు, దగ్గరికొస్తే ఏ చదరపు అంగుళమూ పక్కదానితో కలవదు.

మధ్యలో ఒక కుట్టును పట్టుకుని చాలాసేపు చూశాను. వి ఆకారపు ఆ కుట్టుకు ఎడమ కాలు పసుపు, కుడి కాలు పచ్చ. మునకలో నీళ్ళ గీత పడ్డ ఆ రెండు సెంటీమీటర్ల ఊలు సరిగ్గా ఇక్కడికి చేరింది. బజారు ఊలుతో అల్లేటప్పుడు చేతులు అల్లుతాయి, కళ్ళు టీవీ చూస్తాయి. దీనితో టీవీలో సీరియల్ ఎంతవరకు వచ్చిందో నాకు తెలియడం లేదు, తర్వాతి కుట్టు ఏ రంగులో వస్తుందో చూడాలన్న ఆశ చేతిని ఆపనివ్వదు. "ఇంకొక్క వరుస" అనుకుంటూ పదకొండు దాటిస్తున్నాను.

మామయ్య రోజూ రాత్రి వార్తల తర్వాత వచ్చి ఒకసారి పట్టుకుని చూస్తారు. మొదట్లో మచ్చల మీదే వేలు పెట్టేవారు. ఈ మధ్య అడిగే ప్రశ్నలు మారాయి. "గీడ రెండు లాట్లు కలిపినవ్ గదా? జోడు కనపడ్తలేదు." మిల్లులో రెండు లాట్ల థాన్లు కలిసే చోట జోడు కనపడకుండా చేయడం ఆయనకు తెలిసిన విద్య కాదట, అసలు కలవకుండా చూడటమే విద్యట. రెండు రౌండ్లకోసారి మార్చడం చూపించాను. చెప్పించుకుని విన్నారు. "గిట్ల చేస్తే ఎంత బేకార్ మాల్ అయినా నడుస్తది" అన్నారు. మెచ్చుకున్నట్టే తీసుకున్నాను.

చంకలు

38 సెంటీమీటర్లు అయ్యాక ముందు, వెనుక విడదీశాను, 120 చొప్పున. రెండు పక్కలా ఎనిమిదేసి కుట్లు ముగించి, తర్వాత పదేసి తగ్గించుకుంటూ వస్తే 84 మిగులుతాయి, వీపు వెడల్పు 38 సెంటీమీటర్లు. అందులో భుజానికి 24 చొప్పున, మెడకు 36.

ఇక్కడ ఊలు మళ్ళీ ఒక ఆట ఆడింది. వరుస 100 కుట్ల దగ్గరికి వచ్చేసరికి ఒక వరుసకు పట్టే ఊలు, చిలప చుట్టు పొడవు దాదాపు సమానమయ్యాయి. ఒక్క ఉండతో అల్లితే ఆలివ్ వరుస విడిచి వరుస ఒకే చోట పడి, వీపు మీద నిలువునా పచ్చ పట్టీలు అయ్యేవి. చాలామంది చేత్తో రంగేసిన ఊలుతో అల్లేటప్పుడు ఒళ్ళంతా బాగా వచ్చి, భుజాల దగ్గర ఇదెక్కడి మరకరా అని తల పట్టుకునేది ఇందుకే. వెడల్పు మారితే మచ్చల నడక మారుతుంది. రెండు ఉండల పద్ధతి పైదాకా వదలొద్దు. నేను ఇక్కడ లేత నాలుగో చిలపను కూడా దించాను, భుజాల వైపు వెళ్తున్నకొద్దీ తేలికయ్యేలా.

ముగింపు పనులు

మెడ పట్టీకి అంచు వెంబడి కుట్లు ఎత్తి మంజిష్ఠతో ఒకటి నిట్, ఒకటి పర్ల్ రిబ్. వి కొసలో మధ్య కుట్టును నిలబెట్టి, రౌండ్ విడిచి రౌండ్ రెండు పక్కలా తగ్గించాను. చంకల పట్టీలు బంతి రంగే. ఇంతకుమించి చెప్పడానికేమీ లేదు, ముగింపు పనులంటే నాకు మొదటి నుంచీ విసుగే. పోగుల కొసలు లోపల దాచే పని అత్తమ్మ సీరియల్ చూస్తూ చేసిపెట్టింది. రెండు ఉండలు మార్చడం వల్ల కొసలు మామూలుకంటే ఎక్కువ.

గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసంతో ఉతికాను. బట్టల పౌడర్ వద్దు, అందులోని సోడా బంతి పసుపును నారింజలోకి లాగుతుంది. పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, చాప మీద కొలతకు పరిచి, మూలలు గుండుసూదులతో నిలిపాను. తీగ మీద వేలాడదీస్తే సొంత బరువుకే బెత్తెడు సాగుతుంది. మొదటి నీళ్ళలో కొంచెం పసుపు దిగింది, రెండో నీళ్ళు తేటగా వచ్చాయి.

ఆరాక తూచాను. మెరినో 280 గ్రాములు, మిగతాది నల్ల అంచు, మెడ పట్టీ. నాలుగు చిలపల్లో 120 గ్రాములు మిగిలాయి, ఎక్కువ భాగం లేత రంగే.

జనవరి మొదట్లో

ఆదిలాబాద్‌లో సింగిల్ డిజిట్‌కు పడిందని వార్తల్లో చెప్పిన పొద్దున మామయ్య వేసుకున్నారు. భుజాలు సరిపోయాయి, నడుము దగ్గర నల్ల అంచు చొక్కా మీద కదలకుండా పట్టుకుంది. దక్కని ఊలు మొరటుదనానికి అదొక లాభం, జారదు. నడక నుంచి వచ్చి చెప్పిన సంగతి: కట్ట మీద కలిసే పాత మిల్లు దోస్తు స్వెట్టర్ అంచు పట్టుకుని ఎన్ని షేడ్లని అడిగాడట. "ఒక్కటే లాట్ అని చెప్పిన" అన్నారు మామయ్య, నవ్వు ఆపుకుంటూ.

ఆయనకు ఒకే ఒక ఫిర్యాదు, జేబు లేదు. ఫోన్ ఎక్కడ పెట్టాలి? ఎడమ వైపు ఛాతీ మీద 26 కుట్లు ఎత్తి మిగిలిన ఊలుతో పైకి అల్లుతున్నాను. అక్కడ ఒళ్ళు ముదురుగా ఉంది, మిగిలింది లేతది. జేబు కనపడుతుంది. కనపడొద్దంటే చెప్పండి, అన్నభేదిలో ఒక మునక వేస్తానన్నాను. "వద్దు, ఉండనీ. జేబు జేబు తీరుగనే కనపడాలె" అన్నారు.

జేబు పోగా వంద గ్రాములకు దగ్గర మిగులుతుంది. అత్తమ్మ దాని మీద కన్నేసింది, చెవులు కప్పే టోపీ కావాలట, మచ్చల్లేకుండా. లేత చిలపలో ఆలివ్ లేని భాగాలు కత్తిరించి ముడేస్తే టోపీకి సరిపోతుందేమో తూచి చూడాలి. లేకపోతే ఫాల్గుణంలో మోదుగ పూసే దాకా ఆగమన్నాను. ములుగు దారిలో ఎర్రగా కనిపించే చెట్ల కింద రాలినవి ఏరుకుంటే రెండు చిలపలకు సరిపోతాయి. ఎండలో వెలుస్తుందని ముందే చెప్పాను. నేనేమన్న ఎండల పోతనా, పొద్దుగాల వాకిలి ఊడ్వడానికే గదా, అంది.